హుసేనమ్మ మూసిన గేటు

హుసేనమ్మకు నోరెక్కువ అని మా ఊళ్ళో అనని వాళ్ళు లేరు. నేనూ అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు. అది గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు శోభ. ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు లోపలికి వస్తే మా ఊరు. ఇక్కడి అంగన్‌వాడీలో పద్దెనిమిదేళ్ళుగా టీచరుని. హుసేనమ్మది మా వీధే. దూదేకుల వాళ్ళు. మొగుడు దస్తగిరి పోయి పదేళ్ళు దాటింది. ఉన్న ఒక్క కూతురిని దేవనకొండలో ఇచ్చింది. అరవై నిండినా నిటారుగా, విసురుగా నడుస్తుంది. వయసులో ఉన్నప్పుడు ఆదోనిలో ఒక పత్తిమిల్లులో పదిహేనేళ్ళు పనిచేసింది. ఆ మోతకు చెవులు మందగించాయి. అందుకని తను మామూలుగా మాట్లాడినా వినేవాళ్ళకు తిట్టినట్టే ఉంటుంది. నిజంగా తిట్టిందంటే మూడు వీధులకు వినబడుతుంది.

మూడేళ్ళ కిందట మా ఊరి బాలు తన చేనులో ఒక ఇల్లు కట్టించాడు. బాలు బళ్ళారిలో ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. ఊళ్ళో ఉండడు. గుట్ట పక్కన ఎనిమిదెకరాల ఎర్రనేల వాళ్ళది. అందులో సపోటా మొక్కలు పెట్టించి, మధ్యలో రెండు గదులు, వెడల్పాటి వసారా, పెద్ద వంటిల్లు కట్టించాడు. గ్యాస్ పొయ్యి, కుక్కరు, మిక్సీ, ఫ్రిజ్, పన్నెండు మందికి సరిపడా కంచాలు, గ్లాసులు అన్నీ పెట్టించాడు. "పల్లెగూడు" అని పేరు పెట్టి ఫోన్లో ప్రకటన ఇచ్చాడు. కుటుంబాలు వచ్చి ఒకటి రెండు దినాలు ఉండొచ్చు. బియ్యం, కూరగాయలు తెచ్చుకుని ఎవరి వంట వాళ్ళే వండుకోవాలి. ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి పోయేవాళ్ళు, మంత్రాలయం పోయి తిరిగొచ్చేవాళ్ళు, ఊరికే ఆదివారం గడిపిపోదామని వచ్చే బళ్ళారి, రాయచూరు, హైదరాబాదు వాళ్ళు, కార్లలో వచ్చేవారు.

అక్కడ గేటు తీయడం, పొయ్యి ఎలా వెలిగించాలో చూపించడం, పోయినాక ఊడ్చి, గిన్నెలు సర్దిపెట్టడం హుసేనమ్మ పని. పగలంతా అక్కడే ఉండేది.

"ఇంత దూరం వచ్చి, తామే వండుకోని తామే కడుక్కోని పోయేదానికి ఎందుకొస్తారక్కా వీళ్ళు?" అని నేను ఒకసారి అడిగాను.

"నీకు తెల్దు టీచరమ్మా," అని నవ్వింది. "ఇండ్లకాడ పుల్ల ఇటుది అటు పెట్టని మొగోల్లు ఈడికొచ్చి వంకాయలు తరుగుతాండారు. రొట్టె కొడతామని పిండి మొగానికి పూసుకుంటాండారు. పిల్లోల్లు సూసి ఎగిరెగిరి నవ్వుతారు. అది సూడనీకే నాకు బాగుంటాది."

ఆ ఇల్లంటే ఆమెకు ఇష్టం. ఇది ముందే చెప్పాలి. ఎందుకంటే తర్వాత బాలు, "మొదట్నుంచీ ఆమెకు నా ఇంటి మీద కడుపుమంట," అని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాడు.

ఆ ఇంటి వెనక యాభై అడుగుల దూరంలో కుంట ఉంది. ఈ మధ్య మా పక్క చేలల్లో చాలా చోట్ల ఇవి వచ్చాయి. గొయ్యి తవ్వి, నీళ్ళు ఇంకిపోకుండా అడుగూ అంచులూ మందపాటి ప్లాస్టిక్ కవరు పరుస్తారు. బోరు నీళ్ళు దాంట్లో నింపుకుని మొక్కలకు పైపుల్లో వదులుతారు. పన్నెండడుగుల లోతు. అంచులు ఏటవాలుగా ఉంటాయి. కవరు తడిస్తే దాని మీద కాలు నిలవదు. ఈత వచ్చినవాడైనా సరే, పడితే ఈదుతూనే ఉండాలి తప్ప పైకి ఎక్కలేడు. బాలు కుంటకు నీలం రంగు కవరు వేయించాడు. ఫోటోలో చూస్తే ఈతకొలనులా కనబడుతుంది. ప్రకటనలో మొదటి ఫోటో అదే. దాని కింద "పిల్లలతో హాయిగా గడపండి" అని రాశాడు.

దాని చుట్టూ ఒక్క కట్టె కూడా పాతలేదు.

మొదటి ఎండాకాలంలోనే ఒక కుక్క దాంట్లో పడింది. పొద్దున హుసేనమ్మ పోయేసరికి ఇంకా ఈదుతోంది. ఒక్కతే, కర్ర అందించి చూసింది, గంప దించి చూసింది. అందలేదు.

"ఈదుతానే సచ్చిపోయింది టీచరమ్మా," అని సాయంత్రం నా దగ్గర కూర్చుని చెప్పింది. "గోర్లతో ఆ కవరును గీకుతా, గీకుతా. అట్ల సూస్తా కూసున్న్యా. కుక్కే ఎక్కల్యాకపోయినాది, పసిబిడ్డ ఎక్కుతాదా?"

నా ఫోన్ నుంచే బాలుకు చేసింది. కంచె వేయించమంది. అవతలి నుంచి వాడి నవ్వు నాక్కూడా వినబడింది.

"కంచె వేస్తే ఫోటోలో ఏం కనబడతాది హుసేనమ్మా? జైలు మాదిరి ఉంటాది. వచ్చేవాళ్ళకు కళ్ళు లేవా? వాళ్ళ పిల్లల్ని వాళ్ళే చూసుకుంటారులే."

ఆమె ఊరుకోలేదు. తుమ్మకంప కొట్టుకొచ్చి కుంట చుట్టూ వేసింది. రెండు దినాలు పట్టింది, చేతులంతా గీరుకుపోయాయి. బాలు వచ్చి, చూడటానికి అసహ్యంగా ఉందని కంపంతా తీయించి తగలబెట్టించాడు. అప్పుడు పెద్ద మోకు తెచ్చి, మూరకొక ముడి వేసి, ఒక కొస గట్టు మీద బోరు పైపు పక్కనున్న రాతి స్తంభానికి కట్టి రెండో కొస నీళ్ళలోకి వదిలింది. పడినవాళ్ళు పట్టుకుంటారని. వచ్చినవాళ్ళు ఆ మోకు విప్పి బట్టలారేసుకునేవారు. వాళ్ళు పోయినాక ఆమె మళ్ళీ కట్టేది. మళ్ళీ ఎవరో విప్పేవారు.

నెలకొకసారైనా నా దగ్గరికి వచ్చి "ఆయప్పకు ఫోన్ కలుపు," అనేది. ఒక దినం నాకు విసుగొచ్చింది.

"నీకెందుకక్కా? ఇల్లు వాళ్ళది, కుంట వాళ్ళది. ఊరికే నోరు పారేసుకుంటే ఉన్న పని కూడా పోతాది," అన్నాను.

ఆమె, ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించి చెప్పింది.

"మిల్లులో నాతో మద్దమ్మ అని ఒక పిల్ల పనిచేస్తాండె. పద్దెనిమిదేండ్లు. మిషను బెల్టుకు అడ్డం రేకు ఊడిపోయినాది. అది బిగించమని మేస్త్రీకి రెండుమార్లు సెప్పినా. రెండోమారు ఆయప్ప, 'ఎక్కువ మాట్లాడితే రేపట్నుంచి రావద్దు,' అన్న్యాడు. నేను మూడోమారు సెప్పల్యా. భయపడినా. నాలుగు దినాలకు మద్దమ్మ పైట బెల్టులో పడినాది. పైటతో పాటు చెయ్యి పోయినాది. మోచేతి దాకా. ఆ పిల్ల ఇప్పుడు హొళగుందలో ఉండాది. నేను ఒక్కనాడు కూడా సూడనీకి పోల్యా. మొగం యాడ పెట్టుకోని పోయేది?"

ఆ మాట విన్నాక కూడా నేను చేసింది ఏమీ లేదు. నెలకొకసారి ఫోన్ కలిపి ఇచ్చాను, అంతే.

పోయిన శ్రావణమాసంలో ఒక ఆదివారం పొద్దున పదకొండు గంటలప్పుడు హుసేనమ్మ నన్ను రమ్మని కబురు పెట్టింది. బాలు ఒక బోర్డు పంపించాడట, దాని మీద ఏముందో చదివి చెప్పాలట. ఆమె మొగం వెలిగిపోతోంది. ఇన్నాళ్ళకు తన మాట విన్నాడనుకుంది. కుంట దగ్గరికి పోవద్దని రాయించి ఉంటాడనుకుంది.

ఆ దినం ఆదోని నుంచి ఒక కుటుంబం వచ్చి ఉంది. మొగాయన సల్మాన్, ఆదోనిలో బట్టల దుకాణం ఉంది. భార్య ఇర్ఫానా. నాలుగేళ్ళ పాప అఫ్రీన్. మేము గేటు దగ్గర నిలబడి ఉంటే వంటింట్లో నుంచి మసాలా వాసన వస్తోంది. సల్మాన్ వసారాలో కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు.

నేను బోర్డుకు చుట్టిన కాగితం చించి, దాని మీది రాత చదివాను. "పిల్లల బాధ్యత పూర్తిగా తల్లిదండ్రులదే. ఏ ప్రమాదం జరిగినా యాజమాన్యానికి సంబంధం లేదు."

"ఇంకా?" అంది హుసేనమ్మ.

"అంతే."

"కుంట మాట?"

"లేదక్కా."

ఆమె బోర్డును నా చేతిలో నుంచి లాక్కుంది. ఏదో అనబోయింది. అప్పుడే ఇంటి వెనక నుంచి ఇర్ఫానా కేక వినబడింది. అది మాట కాదు, పేరు కూడా కాదు, ఉత్త కేక.

మేము పరుగెత్తేసరికి సల్మాన్ అప్పటికే కుంటలోకి దూకేశాడు. ఈత వచ్చినట్టుంది. మునిగి పాపను పట్టుకుని పైకి లేచాడు. ఒక చేత్తో పాపను నీళ్ళకు పైన ఎత్తి పట్టుకుని అంచుకు వచ్చాడు. కాలు పెట్టాడు, జారాడు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారాడు. పాప తల వెనక్కి వాలిపోయి ఉంది. రాతి స్తంభానికి మోకు లేదు. అది వసారా పక్కన రెండు చెట్ల మధ్య ఉంది, దాని మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి.

ఇర్ఫానా కూడా దిగబోయింది. హుసేనమ్మ ఆమె జడ పట్టుకుని వెనక్కి లాగింది.

"నువ్వూ దిగితే ముగ్గురూ పోతారు! ఈడే నిలబడు! అప్పా, ఎక్కనీకి సూడొద్దు, ఈదుతా ఉండు! బిడ్డ మొగం పైన పెట్టు!"

నేను చూస్తూ నిలబడిపోయాను. హుసేనమ్మ మాత్రం ఇంట్లోకి పరుగెత్తింది. మోకు ముడులు విప్పే వ్యవధి లేదు. వసారాలో అందానికి వేసిన నవారు మంచం ఒకటి ఉంది, దాన్ని ఒక్కతే ఈడ్చుకుంటూ వచ్చింది.

"పట్టు టీచరమ్మా! సూస్తాండావేంది, పట్టు!"

మంచాన్ని కవరు మీద నుంచి నీళ్ళలోకి జార్చాము. పైన రెండు కోళ్ళను మేము ముగ్గురం పట్టుకుని, మట్టిలో మడమలు తన్నిపెట్టి వెనక్కి వాలాము. సల్మాన్ నవారు పట్టుకున్నాడు. నవారు సందుల్లో కాళ్ళు పెట్టి, ఒక్కో పట్టీ ఎక్కుతూ, పాపను భుజాన వేసుకుని పైకి వచ్చాడు. నా అరచేతుల తోలు ఊడింది. అది సాయంత్రం దాకా నాకు తెలియలేదు.

హుసేనమ్మ నీళ్ళు కక్కించడానికి పాపను బోర్లా వేసి వీపు నొక్కింది. మొదట ఏమీ కాలేదు. ఆ కాసేపు ఎంతసేపో నాకు చెప్పడం చేతకాదు. తర్వాత పాప దగ్గింది, కక్కింది, ఏడ్చింది. ఆ ఏడుపు విని ఇర్ఫానా కూలబడిపోయింది.

తడిబట్టలతోనే కారెక్కి ఆదోని ఆసుపత్రికి పోయారు. పొయ్యి మీద కూర మాడిపోతుంటే నేను పోయి ఆర్పాను.

సాయంత్రం నాలుగింటికి బాలు వచ్చాడు. పాపకు ప్రాణభయం లేదని, ఒక దినం ఉంచుకుని పంపిస్తామని డాక్టరు చెప్పినట్టు అప్పటికే ఫోన్ వచ్చింది. బాలు కారు దిగుతూనే అడిగిన మొదటి మాట ఇది.

"ఎవరన్నా వీడియో తీసినారా?"

ఎవరూ తీయలేదన్నాను. అప్పుడు ఊపిరి పీల్చుకుని హుసేనమ్మ వైపు తిరిగాడు.

"నువ్వేం చేస్తాండావు? చూసుకోనీకే కదా నిన్ను పెట్టింది? ఒక్క పాపను చూసుకోలేకపోతివి."

హుసేనమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం నేను అదే మొదటిసారి చూడటం. దాన్ని చూసి బాలుకు ధైర్యం వచ్చింది. గొంతు మెత్తగా చేశాడు.

"సరే, అయిపోయింది. బిడ్డ బాగుంది. ఎవరన్నా అడిగితే, వసారా మెట్ల మీద నుంచి జారిపడిందని చెప్పు. కుంట మాట ఎత్తొద్దు. శ్రావణమాసమంతా బుక్కింగులున్నాయి. అర్థమయిందా?"

"ఏమంటివి?" అంది ఆమె.

"మెట్ల మీద నుంచి..."

"ఇంగోమారు అను."

బాలు అనలేదు. ఆమె బోర్డు చేతిలోకి తీసుకుని వాడి కాళ్ళ దగ్గర పడేసింది.

"ఏమిరా బాలూ! రెండేండ్లు సెప్పినా. కుక్క సచ్చినప్పుడు సెప్పినా. కంప ఏస్తే కాల్చినావు. మోకు కడితే బట్టలారేసుకునే తాడనిరి. కంచె అడిగితే బోర్డు పంపినావు. బోర్డు నీల్లల్లో పడిన బిడ్డకు సెయ్యి ఇస్తాదా? సదువుకుంటాదా అది మునుగుతా మునుగుతా? ఇప్పుడు నన్ను అబద్ధం సెప్పమంటావా? ఆ బిడ్డ కండ్లు తేలేసి నా సేతుల్లో ఉండెరా! ఈ సేతుల్లో!"

వాడిని ఆమె పసివాడిగా ఉన్నప్పుడు ఎత్తుకుంది. అయినా ఆ దినం దాకా "బాలప్పా" అనే పిలిచేది.

బాలు తెల్లబోయాడు. ఇంటికి పోయి కోపం తగ్గినాక రమ్మన్నాడు. ఆమె పోలేదు. వాడి కారు బయటికి పోయినాక గేటు మూసి, తాళం వేసి, తాళంచెవి రొండిన దోపుకుంది. గేటు ముందు గోనెసంచి పరుచుకుని కూర్చుంది.

మరుసటి దినం సోమవారం. ఉరుకుందకు జనం పోటెత్తే దినం. మధ్యాహ్నం లోపల రెండు కార్లు వచ్చాయి. మొదటిది హైదరాబాదు వాళ్ళది. వెనక సీట్లో ఇద్దరు చిన్నపిల్లలు. అంగన్‌వాడీ పక్క నుంచే దారి కాబట్టి, మా ఆయాకు బడి పిల్లల్ని అప్పజెప్పి నేనూ పోయాను.

హుసేనమ్మ కారు అద్దం తట్టింది. "ఈ ఇంటెనకల కుంట ఉండాది. కంచె ల్యా. నిన్న ఒక బిడ్డ పడినాది. మీ పిల్లోల్లను తీస్కోని పోండి."

"మేం ముందే డబ్బు కట్టాం. నువ్వెవరు చెప్పడానికి? తాళం తీయ్," అన్నాడు మొగాయన.

ఆయన భార్య దిగింది. "నాకొకసారి చూపించమ్మా," అంది. హుసేనమ్మ ఆమెను ఒక్కదాన్నే లోపలికి తీసుకుపోయింది. తిరిగి వచ్చి ఆమె మొగుడితో ఒకే మాట అంది. "బండి తిప్పండి." ఆయన ఏదో అనబోతే, "తిప్పమన్నానా!" అని అరిచింది. కారు వెళ్ళిపోయింది.

రెండో కారాయన అలా కాదు. హుసేనమ్మను పిచ్చిదన్నాడు, ముసలిదన్నాడు, నానా మాటలన్నాడు. ఆమె కదలలేదు. ఆయన బాలుకు ఫోన్ చేశాడు.

సాయంత్రం బాలు మా ఊరి పెద్దమనిషి ఎర్రిస్వామిని వెంటబెట్టుకుని వచ్చాడు. వెనకాల ఊళ్ళో నుంచి ఇరవై మంది.

"హుసేనమ్మా, మంచిదానివి గదా," అని మొదలుపెట్టాడు ఎర్రిస్వామి. "బిడ్డ బతికింది. దేవుని దయ. పది కార్లొస్తే ఊరికి పేరు. నువ్వు ఇట్ల కూసుంటే ఊరి పరువు ఏం గాను?"

"బిడ్డ సచ్చుంటే ఊరికి ఇంకా పేరొచ్చుండు గదన్నా," అంది హుసేనమ్మ.

"అట్ల మాట్లాడకూడదు."

"ఎట్ల మాట్లాడల్ల? మెత్తగా సెప్తే ఇనబడదు. గట్టిగా సెప్తే నోరెక్కువ అంటారు. నాకు సెవుడు. మీకేమైంది?"

జనంలో ఎవరో నవ్వారు. బాలుకు మొగం ఎర్రబడింది. "పోలీసులను పిలుస్తా. పరాయి ఇంటికి తాళం వేసి కూర్చుంటే ఏమవుతుందో వాళ్ళే చెప్తారు," అన్నాడు.

"పిలువు. కుంట కాడికి నేనే తోలుకపోయి సూపిస్తా."

అప్పుడు నేను నోరు తెరిచాను. నాకు ధైర్యం ఎక్కువై కాదు. ఆమె ఒక్కతే ఇరవై మంది ముందు కూర్చుని ఉంటే, అందులో ఇరవై ఒకటో దాన్నిగా నేను నిలబడి ఉండటం భరించలేకపోయాను. "మంచం కోళ్ళు పట్టుకున్నది నేను," అన్నాను. "పోలీసులొచ్చినా, ఎవరొచ్చినా, చూసింది చూసినట్టు చెప్తాను. మెట్ల మీద నుంచి పడిందని చెప్పమన్నది కూడా చెప్తాను."

ఎర్రిస్వామి నా వైపు ఎగాదిగా చూశాడు. "టీచరమ్మా, నీది గవర్నమెంటు పని. జాగ్రత్తమ్మా," అన్నాడు. ఆ మాటకు నేను భయపడలేదంటే అబద్ధమే. కానీ వెనక్కి తీసుకోలేదు. పోలీసులు రాలేదు. పిలిస్తే తనకే చేటని బాలుకు తెలుసు.

మూడో దినం ఆదోని నుంచి ఇర్ఫానా వచ్చింది. పాపను చంకలోనే పెట్టుకుని ఉంది, దింపడం లేదు. దండం పెట్టి కృతజ్ఞత చెబుతుందని నేను అనుకున్నాను. ఆమె హుసేనమ్మ ముందు నిలబడి కళ్ళెర్రజేసింది.

"అమ్మా, నీకు తెలుసు కదా అది అట్లాంటి కుంట అని. మరి మేము వచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదు? నేను వంట చేసుకుంటా, వెనకాల ఇసుకలో ఆడుకుంటాందిలే అనుకుంటిని!"

"మీ ఆయనకు సెప్పినా బిడ్డా. గేటు తీస్తానే సెప్పినా. 'సరే సరే' అన్న్యాడు."

"ఆయన నాకు చెప్పలేదు!"

హుసేనమ్మ తల దించుకుంది. "నీకు సెప్పాల్సింది. మొగోనికి సెప్తే సాలనుకున్న్యా. అది నా తప్పే."

ఇర్ఫానాకు ఇక అరవడానికి ఏమీ మిగల్లేదు. మొగుడితో రెండు దినాలుగా మాటలు లేవని, పాప స్నానానికి నీళ్ళు చూస్తే చాలు కెవ్వుమంటోందని చెప్పింది. తర్వాత గోనెసంచి మీద హుసేనమ్మ పక్కన కూర్చుంది. తను తెచ్చిన డబ్బా విప్పి, అందులోని రొట్టె సగం తుంచి ఆమె చేతిలో పెట్టింది. తిన్నాక పాపను నాకు ఇచ్చి, కుంట దగ్గరికి పోయి, అంచున నిలబడి నాలుగు ఫోటోలు తీసింది. ఆ ప్రకటన కింద, వచ్చిపోయినవాళ్ళు మంచీ చెడ్డా రాసే చోట, ఆ ఫోటోలు పెట్టి జరిగింది తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసింది. "నా కూతురు పడిన చోటు ఇది" అని మొదలుపెట్టింది. నన్ను కూడా రాయమంటే, నేను నా పేరుతోనే రాశాను.

రెండు దినాల్లో శ్రావణమాసం బుక్కింగులన్నీ రద్దయ్యాయి. ఆ వారం తిరిగేసరికి ఆదోని నుంచి ట్రాక్టరులో రాతి స్తంభాలు, ఇనుప వల వచ్చాయి. ఆరడుగుల కంచె లేచింది. దానికి చిన్న గేటు, గేటుకు తాళం. లోపల, అంచు నుంచి నీళ్ళ దాకా ఇనుప నిచ్చెన కూడా వేశారు. చివరి స్తంభం పాతి మట్టి తొక్కేదాకా హుసేనమ్మ అక్కడే నిలబడి చూసింది. వలను రెండు చేతులతో పట్టుకుని ఊపింది. గట్టిగానే ఉంది. అప్పుడు రొండిలో నుంచి తాళంచెవి తీసి బాలుకు ఇచ్చింది.

"రేపట్నుంచి రావద్దు," అన్నాడు బాలు.

"నువ్వు పిలిచినా రాను," అంది ఆమె.

ఇప్పుడు ఆ ఇంటి పనికి ఎమ్మిగనూరు నుంచి ఎవరినో పెట్టుకున్నాడు. మళ్ళీ కార్లు వస్తున్నాయి. మొన్న ప్రకటన చూశాను. మొదటి ఫోటో మారింది. ఇప్పుడు కంచె కనబడుతోంది. కింద, "పిల్లల భద్రతే మాకు ముఖ్యం. మొదటి నుంచీ మా పద్ధతి ఇదే" అని ఉంది. నాకు కడుపు రగిలిపోయింది. పత్తి తీసి సాయంత్రం ఇంటికి పోతున్న హుసేనమ్మను ఆపి చదివి వినిపించాను. తిడుతుందనుకున్నాను.

"రాసుకోనీ," అంది. "కంచె ఉండాది గదా."

"మొదటి నుంచీ అంటాడక్కా!"

"ఆ కోపం నువ్వు పడు. నాకు ఏరే పని ఉండాది."

ఆ వేరే పని ఏమిటో తర్వాత తెలిసింది. మా ఊరి చేలల్లో ఇలాంటి కుంటలు ఇంకా నాలుగున్నాయి. ఒక్కదానికీ కంచె లేదు. ఒక్కో చేనుకు పోయి అడుగుతోంది. గోవిందు మొదట, "నా చేను, నా కుంట, నీదేం పోయింది?" అన్నాడట. గోవిందు భార్య శ్రీశైలమ్మకు ఆ కుక్క సంగతీ, అఫ్రీన్ సంగతీ వివరంగా చెప్పి వచ్చింది. గోవిందుకు ఆ పూట అన్నం కూడా ప్రశాంతంగా దొరికినట్టు లేదు. ఉల్లిగడ్డ అమ్మినాక రాళ్ళు తెప్పించాడు. ఇంకొకాయన కంచె వేయలేదు గానీ తాటిమొద్దుకు మెట్లు కొట్టి కుంటలోకి దించాడు. అది చాలదని ఆమె వాళ్ళ ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉంది.

మిగిలినవాటిలో ఒకటి ఎర్రిస్వామిది. బడికి పోయే అడ్డదారి పక్కనే ఉంది అది. పోయిన గురువారం హుసేనమ్మ ఆయన ఇంటికి పోయింది. నేనూ వెంట పోయాను. మామ అన్నం తింటున్నాడని కోడలు బయటికి వచ్చి చెప్పింది.

"తిననీలేమ్మా, నిదానంగా తిననీ," అని హుసేనమ్మ అరుగు మీద కూర్చుని, చెంగుతో మొగం తుడుచుకుంది. "మంచినీల్లు ఇయ్యి. మీ మామతో సానాసేపు మాట్లాడల్ల."